రాజలింగు తొట్టిలో సముద్రం

దేవుడు హైదరాబాదుకు చెరువులిచ్చాడు, గుట్టలిచ్చాడు, సముద్రం మాత్రం ఇవ్వలేదు. ఆ లోటు తీర్చే పనిని మా యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం రాజలింగుకు అప్పగించింది. ఆయన ఉద్యోగం అటెండరు, అదీ టెంపరరీ. ఆరు నెలలకోసారి "మీ సేవలు మరో ఆరు నెలలు అవసరం" అని ఒక కాగితం చేతికొచ్చేది. పదమూడేళ్ళలో అలాంటివి ఇరవై ఆరు వచ్చాయి. వాటన్నిటినీ రేకు పెట్టెలో, పెళ్ళినాటి పంచె కింద, మడత నలగకుండా దాచుకున్నాడు.

"మా ఇంట్ల పర్మనెంటు ఏదన్న ఉన్నదంటె గది మా పెండ్లే సారూ," అనేది ఆయన భార్య సారలమ్మ. "గది గూడ ఆర్నెల్లకోసారి అడిగి రాసుకునేదుంటె మంచిగుండు."

నేను అదే క్యాంపస్‌లో రసాయన శాస్త్రం పాఠాలు చెబుతూ రాగి లవణాల మీద పరిశోధన చేస్తున్నాను. రాగి సంగతి మీరైనా గుర్తుపెట్టుకోండి; నేను సమయానికి మరిచిపోయాను. తాడిపత్రి నుంచి పెళ్ళాం బిడ్డతో దిగిన నాకు తార్నాకలో దొరికింది రాజలింగు ఇంటి వెనక భాగమే. అందువల్ల క్యాంపస్ గేటు లోపల నేను సారును, ఆయన అటెండరు. గేటు బయట ఆయన ఇంటి యజమాని, నేను కిరాయికున్నవాణ్ణి. లోపల నన్ను "మీరు" అనేవాడు, బయట "నువ్వు" అనేవాడు. నేను లోపల "రాజలింగూ" అనేవాణ్ణి, బయట "రాజలింగన్నా" అనేవాణ్ణి. ఈ మార్పు మా ఇద్దరికీ సరిగ్గా గేటు దగ్గర, సైకిలు దిగకుండానే జరిగిపోయేది.

అరవై ఎనిమిది నవంబరులో జంతుశాస్త్రం వాళ్ళు వాల్తేరుకు విజ్ఞాన యాత్ర వెళ్ళారు. విద్యార్థులు ఫొటోలతో తిరిగొచ్చారు. రాజలింగు ఏడు రొయ్యలతో, ఆరు పెద్ద గాజు జాడీల సముద్రపు నీళ్ళతో తిరిగొచ్చాడు. జాడీలకు గడ్డి చుట్టి, మూడో తరగతి పెట్టెలో కాళ్ళ మధ్య పెట్టుకుని సికిందరాబాదు దాకా కునుకు తీయకుండా కూర్చున్నాడట. పక్కనున్న పెద్దమనిషి అందులో ఏముందని అడిగితే "సముద్రం" అన్నాడట.

"సముద్రాన్నేం చేస్కుంటవయ్యా?"

"నాది కాదు పటేలా, యూనివర్సిటీది."

ఆ పెద్దమనిషి అర్థమైనట్టు తలూపి ఇంకేమీ అడగలేదట. యూనివర్సిటీ అంటే జనానికి అప్పట్లో అంత గౌరవం.

ఆ రొయ్యలు మనం కూరొండుకునే జాతివి కావు. చిటికెన వేలంత పొడుగు, గాజులాంటి ఒళ్ళు, దాని మీద నిలువునా సన్నని ఎర్ర గీతలు. కిరాణా కొట్టు సీసాలోని చారల పిప్పర్మెంటుకు కాళ్ళు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేవి. విద్యార్థులు వాటికి పిప్పర్మెంటు రొయ్యలని పేరు పెట్టారు. అసలు పేరు లాటిన్‌లో ఉంది కనుక ఎవరికీ గుర్తులేదు.

వాటి మీద ఒక పెద్ద పథకం నడిపించాలని శ్యామలాంబ గారి ఆలోచన. ఆమె ఆ విభాగంలో రీడరు. రొయ్య గుడ్లు మోసి పొదిగేదాకా తొట్టిలో బతికించగలిగితే పిల్లల పెరుగుదలను మొదటి రోజు నుంచి చూడవచ్చని ఆమె ఢిల్లీకి రాసింది. ఢిల్లీ వాళ్ళు, ముందు మీ తొట్టి చూస్తాం, గుడ్లున్న రొయ్య కనిపిస్తే పథకం ఇస్తాం అన్నారు. పథకంతో పాటు ఒక ఉద్యోగం కూడా వస్తుంది: తొట్టి సంరక్షకుడు, శాశ్వత నియామకం.

"అది నీకే రాజలింగూ," అంది శ్యామలాంబ గారు. "కానీ వాళ్ళొచ్చేనాటికి గుడ్లతో ఉన్న రొయ్య తొట్టిలో కనబడాలి. లేకపోతే నేనేం చెయ్యలేను."

"కనబడ్తది మేడమ్," అన్నాడు రాజలింగు. మనుషులు దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా అంత ధీమాగా మాట్లాడరు.

కొత్త సంవత్సరం వచ్చింది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలు మూతపడ్డాయి. శ్యామలాంబ గారు వాల్తేరులో పుట్టింటికి వెళ్తూ, మూతపడ్డ భవనంలో కరెంటు ఉంటుందో ఉండదో, తొట్టి నీ ఇంటికి తీసుకెళ్ళమని రాజలింగుకు చెప్పింది. అలా ఒక మధ్యాహ్నం నాలుగు బిందెలు పట్టే గాజు తొట్టి, రొయ్యలు, మిగిలిన జాడీలు తోపుడు బండి మీద మా ఇంటికి వచ్చాయి.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బిక్షపతి మా పక్కింటాయన. వీధిలో ఏ సామాను దిగినా ఆయన చూడకుండా లోపలికి పోదు. తొట్టిలోకి తొంగిచూసి, "రాజలింగన్నా, గివి యాడియే?" అన్నాడు.

"వాల్తేరువి."

"ఓహో. మరి ముల్కీ సర్టిఫికెట్టు ఉన్నదా?"

"పదిహేనేండ్లు గీడ ఉంటెనే గద ముల్కీ. గివి పదిహేను నెల్లు బతికినా నాకు చాలు తమ్మీ."

"గట్లైతె కొండయ్య సారుకు కొంచెం దూరం పెట్టు. ఇద్దరు నాన్‌ముల్కీలు ఒక్కకాడుంటె యూనియన్ పెడ్తరు."

కొండయ్య సారును నేనే. ఆ ఏడాది మా వీధిలో నా మీద పడ్డ దాడి మొత్తం ఇంతే. బిక్షపతి ప్రతి ఉదయం ఊరేగింపులో నినాదాలిచ్చి, ప్రతి సాయంత్రం మా పాపను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు.

తొట్టిని ముందు గదిలో దేవుడి పటాల కింద చెక్కబల్ల మీద పెట్టారు. డిపార్ట్‌మెంటులో గాలి కొట్టడానికి కరెంటు మోటారుండేది. ఇక్కడ రాజలింగు ఒక పాత లారీ ట్యూబు తెచ్చి, సైకిలు పంపుతో గాలి నింపి, దానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి తొట్టిలోకి వదిలాడు. గొట్టాన్ని నొక్కి పట్టే స్క్రూ క్లిప్పు నా ప్రయోగశాల నుంచి ఇచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నావల్ల జరిగిన ఒకే ఒక ఉపకారం అదే కనుక రాసి పెడుతున్నాను. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పంపు కొడితే రోజంతా బుడగలు ఒక్కొక్కటే వచ్చేవి.

చివరగా, ట్రంకు పెట్టె మీద పేరు రాయగా మిగిలిన ఎర్ర రంగుతో నీటిమట్టం దగ్గర అద్దం మీద ఒక గీత గీశాడు. నీళ్ళు గీత కిందికి దిగితే మళ్ళీ గీత దాకా పోయాలి. పోసేది మట్టికుండలో ఒక రోజంతా నిలబెట్టిన నల్లా నీళ్ళు. ఇదీ ఆయన పద్ధతి.

నేను వదిలిపెట్టలేదు. "రాజలింగన్నా, అందులో ఉన్నది ఉప్పునీళ్ళు. తగ్గింది ఉప్పునీళ్ళు. మళ్ళీ ఉప్పునీళ్ళే పోయాలి. నువ్వు మంచినీళ్ళు పోస్తే రోజురోజుకూ చప్పబడిపోవూ?" అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. లెక్క చాలా అందంగా వచ్చింది.

ఆయన కాగితాన్ని రెండు వైపులా చూసి తిరిగిచ్చాడు. "సార్, చారు పొయ్యి మీద మర్చిపోతె ఏమైతది?"

"ఇగిరిపోతుంది."

"అప్పుడు చప్పగైతదా, ఉప్పగైతదా?"

వంటగదిలోంచి నా భార్య లక్ష్మీదేవి నవ్వు వినబడింది. ఇగిరేది నీరేగాని ఉప్పు కాదని ఎమ్మెస్సీ మొదటి శ్రేణిలో పాసైనవాడికి ఒక చారు గిన్నె చెప్పవలసి వచ్చింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంకో ఉదయం తొట్టి అడుగున ఒక రొయ్య కదలకుండా పడి ఉంది. నేను కళ్ళద్దాలు సరిచేసుకుని వంగి, కళ్ళు తెల్లబడ్డాయి, అంగాలు చలించడం లేదు, మరణించి ఆరు గంటలైనా అయి ఉంటుందని ప్రకటించాను. సారలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజలింగు చెయ్యి ముంచి ఆ శవాన్ని పైకి తీసి వెలుతురుకు పట్టాడు. లోపల ఏమీ లేదు. గాజు కాగితం లాంటి ఖాళీ పొట్టు.

"చావలే సార్, అంగీ మార్చింది. కొత్తది గట్టిపడేదాక సిగ్గుకు తొట్టిల పెట్టిన ఇటుక కింద దాక్కుంటది. రొండొద్దుల్ల వస్తది సూడు."

రెండు రోజులకు వచ్చింది కూడా. అది నాకు గట్టి పాఠమైంది. రొయ్య కదలకుండా పడి ఉంటే చచ్చిపోయిందని తొందరపడకూడదు, పొట్టు మార్చుకుంటోంది. విద్యావంతులతో వచ్చిన చిక్కేమిటంటే, ఒక పాఠం నేర్చుకున్నాక దాన్ని ఎక్కడో ఒకచోట వాడేదాకా నిద్రపట్టదు.

నాకు ఆ తొట్టితో ఇంకో అవసరం కూడా ఉండేది. మా పాపకు అప్పటికి పదిహేను నెలలు. అన్నం చూస్తే నోరు మూసుకునేది. నేను ప్రతి ఆదివారం దాని బరువు తూచి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టేవాణ్ణి. పాలలో థర్మామీటరు ముంచకుండా తాగనిచ్చేవాణ్ణి కాను. గ్రాఫు వల్ల పాప గ్రాము కూడా పెరగలేదు. రొయ్యల ముందు కూర్చోబెడితే మాత్రం ఎర్ర గీతల వెంట కళ్ళు తిప్పుతూ గిన్నెడు పప్పన్నం తినేది. అవి ఇటుక చాటుకు పోగానే నోరు మూతపడేది. రాజలింగు ఉడికిన గుడ్డు తెల్లసొన నలుసంత వేసి వాటిని బయటికి రప్పించేవాడు. ఒక చేత్తో రొయ్యలకు గుడ్డు, ఇంకో చేత్తో పాపకు ముద్ద.

"ఈ పొద్దు ముగ్గురు తిన్నరు సార్," అనేవాడు. "రొండు రొయ్యలు, నీ బిడ్డ."

పాప తాగే నీళ్ళ విషయంలో నేను మరీ జాగ్రత్త. ఇరవై నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, మా అత్తగారిచ్చిన రాగి బిందెలో పోయించేవాణ్ణి. రాగి సూక్ష్మజీవులను చంపుతుంది. ఆ వాక్యంలో "చంపుతుంది" అన్న మాట నాకెంతో ధైర్యంగా ఉండేది. లక్ష్మీదేవి ఆ బిందెను రోజూ చింతపండుతో తోమి అద్దంలా మెరిపించేది.

మే నెల వచ్చింది. రాజలింగు తొట్టి చుట్టూ గోనెపట్టా కట్టి గంటకోసారి తడిపేవాడు. అంత చేసినా రోజుకు రెండు చెంబుల నీళ్ళు ఆవిరైపోయేవి. అప్పటికి మూడు రొయ్యలు ఒకదాని తర్వాత ఒకటి పొట్ట కింద గుడ్లు మోసి విడిచాయి. పథకం వాళ్ళు వానలు పడ్డాక వస్తారని శ్యామలాంబ గారు కార్డు రాసింది. ఇరవై ఏడో కాగితం ఇక పర్మనెంటుదేనని వీధిలో అందరూ అనుకోసాగారు. సారలమ్మ మాత్రం "కాగితం చేతికొచ్చినంక చెప్పున్రి" అనేది.

అంతలో ముషీరాబాదులో ఉండే రాజలింగు అక్క లచ్చవ్వకు జ్వరమని కబురొచ్చింది. మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. సాయంత్రానికి వచ్చేస్తామన్నారు. వెళ్తూ నాకు ఒకే మాట చెప్పాడు. "నీళ్ళు తగ్గితె కుండ నీళ్ళు గీత దాక పొయ్యి సార్. గంతే. ఇంకేం చెయ్యకు. ఆలోచన గిట్ల చెయ్యకు."

ఆ మధ్యాహ్నం అటువైపు కర్ఫ్యూ పెట్టారు. వాళ్ళు మూడు రోజులు రాలేకపోయారు.

మొదటి రోజు నేను చెంబు పట్టుకుని కుండ దగ్గరికి వెళ్ళాను. మూత తీస్తే నీళ్ళలో దోమపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. ఇవి పాప ముద్ద తినే గదిలో ఉన్న నీళ్ళు! కుండ మొత్తం పెరట్లో కుమ్మరించాను. తర్వాత ఆలోచించాను. చెయ్యొద్దన్నది అదే. మా పాపకు పోసే నీళ్ళకన్నా శుభ్రమైనవి తార్నాకలో ఎక్కడున్నాయి? రాగి బిందెలోంచి రెండు చెంబులు ముంచి గీత దాకా పోశాను. సరిగ్గా గీత దాకా. కొలతలో నాకెవరూ వంక పెట్టలేరు.

రెండో రోజు ఒక రొయ్య పక్కకు ఒరిగి పడుకుంది. నేను నవ్వుకుని నోటుబుక్కులో రాశాను: "పొట్టు మార్చుకుంటోంది." రెండు చెంబులు పోశాను. మూడో రోజు ఇంకా మూడు ఒరిగాయి. "ఒకేసారి మార్చుకుంటున్నాయి, బహుశా ఎండ ప్రభావం. గమనించదగిన విషయం" అని రాసి కింద గీత కూడా గీశాను. మళ్ళీ రెండు చెంబులు పోశాను. పాప ఆ రోజు అన్నం తినలేదు. తొట్టి వైపు వేలు చూపించి "బజ్జో" అంది. ఆ ఇంట్లో ఆ పూట నిజం చెప్పింది అదొక్కటే.

నాలుగో రోజు పొద్దున కర్ఫ్యూ సడలించగానే రాజలింగు వచ్చాడు. చెప్పులు విడవకుండా తొట్టి దగ్గరికి పోయాడు. ఐదు రొయ్యలు అడుగున తెల్లగా పడి ఉన్నాయి. రెండు మాత్రం ఇటుక అంచున మీసాలు నెమ్మదిగా ఆడిస్తున్నాయి.

"పొట్టు మార్చుకుంటున్నాయి," అన్నాను.

ఆయన ఒకదాన్ని పైకి తీసి వెలుతురుకు పట్టాడు. లోపల రొయ్య ఉంది.

"ఏం నీళ్ళు పోసినవు సార్?"

"చాలా శుభ్రమైనవే. కుండలో దోమపిల్లలున్నాయని..."

సరిగ్గా అప్పుడే లక్ష్మీదేవి బిందె చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. పొద్దుటి ఎండలో అది బంగారంలా మెరిసింది. రాజలింగు బిందెను చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. చెరువుల్లో నాచు చావడానికి మైలుతుత్తం చల్లుతారు. ఆ మైలుతుత్తం రాగి లవణం. నా పరిశోధన వ్యాసం మొదటి పేజీ మొదటి వాక్యం రాగి లవణాల గురించే.

"రాగిల ఉప్పు పెడ్తె చిలుం పడ్తదని మా అవ్వకు తెలుసు సార్," అన్నాడు మెల్లగా. "ఆమె సదువుకోలే."

లక్ష్మీదేవి బిందె దించి నెత్తి కొట్టుకుంది. "ఏం పని చేసినావయ్యా! రాగి చెంబులో మజ్జిగ పోస్తేనే మా అమ్మ వీపు పగలగొట్టేది. నాలుగేండ్లుగా ఆ రాగి మీదేగదా నువ్వు చదివేది!"

రాజలింగు మంచం కింద మిగిలిన ఒకే ఒక్క జాడీ సముద్రాన్ని బయటికి లాగాడు. ఆ రెండింటినీ వెంటనే మార్చాలి, దేంట్లో మార్చాలి? నేను పరుగెత్తి పాప స్నానం చేసే ప్లాస్టిక్ టబ్బు తెచ్చాను. సబ్బు వాసన పోయేదాకా ఎనిమిదిసార్లు కడిగించాడు. ప్రతిసారీ వాసన చూశాడు. తొట్టిని ఇసుకతో తోమి, ఎండబెట్టి, మూడో రోజు ఆ జాడీ నీళ్ళే అందులో పోస్తే సగం కూడా నిండలేదు. పాత గీతకు జానెడు కింద కొత్త ఎర్ర గీత గీశాడు.

ఇక మిగిలింది రెండు. నేను ప్రాయశ్చిత్తంగా క్యాంపస్ లైబ్రరీలో తెలిసిన గుమస్తాను పట్టుకుని పుస్తకం సంపాదించాను. ఈ జాతిలో చిన్నవి మగవి, పెద్దవి ఆడవి అని ఉంది. మిగిలిన రెండూ పెద్దవే. అంటే రెండూ ఆడవే. మగది లేనిదే గుడ్లు లేవు, గుడ్లు లేనిదే పథకం లేదు, పథకం లేనిదే ఉద్యోగం లేదు. వాల్తేరు వెళ్ళి మళ్ళీ తెద్దామంటే రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగుతాయో బిక్షపతికి కూడా తెలియదు. ఈ తర్కమంతా నేను రాజలింగుకు వివరంగా చెప్పాను. మనిషి ఆశ చంపడంలో కూడా ఒక పద్ధతి ఉండాలి కదా.

"పుస్తకం గవి సదవలే గద సార్," అన్నాడు ఆయన, పంపు కొడుతూ.

సారలమ్మ రేకు పెట్టె మూత తెరిచి కాగితాలకు కొత్తగా వేపాకు వేసి మూసింది.

జూన్ మొదటి వారంలో ఒకటి పొట్టు మార్చింది. రెండు రోజులకు దాని పొట్ట కింద ఆకుపచ్చ గసగసాల్లాంటి గుడ్లు గుత్తిగా కనిపించాయి. నేను భూతద్దంతో చూసి, ఇది చచ్చిన ఐదింటిలో ఏదో మగదాని పాత పుణ్యమన్నాను. పది రోజులకు రెండోది పొట్టు మార్చింది. దానికీ గుడ్లు వచ్చాయి. ఆలోగా మొదటిది పిల్లలను విడిచి (నలుసుల్లాంటి ఆ పిల్లలు ఒక్క రోజు కూడా నిలవలేదు), మళ్ళీ పొట్టు మార్చి, మళ్ళీ గుడ్లు మోయసాగింది.

"ఇది జరగడానికి వీల్లేదు," అన్నాను.

"జరుగుతున్నది సార్. డిసెంబర్ల డిపార్ట్‌మెంటుల గూడ చూసిన. చిన్నయి సంగతి నాకు తెల్వదు. పెద్దగైనంక మాత్రం అన్నీ గుడ్లు మోస్తయి. రొండుంటె చాలు, దానికిది మొగది, దీనికది మొగది. మేడమ్‌కు చెప్తె 'నువ్వు సరిగ్గా చూళ్ళేదు' అన్నది. మల్ల మల్ల చూసిన. గట్లనే ఉన్నది."

వానలు పడ్డాయి. ఢిల్లీ నుంచి పథకం వాళ్ళిద్దరు ఒక మంగళవారం క్యాంపస్‌కు వచ్చారు. తొట్టిని ముందు రోజే తోపుడు బండి మీద డిపార్ట్‌మెంటుకు చేర్చాం. బండి వెనక నేను పట్టాను. గేటు దాటగానే రాజలింగు "మీరు నడువున్రి సార్, నేను తోస్త" అన్నాడు.

వచ్చిన ఇద్దరిలో పెద్దాయన తొట్టి చూడకముందే ఫైలు చూశాడు. "ఏడు అని రాశారు. రెండే ఉన్నాయేమిటి?"

శ్యామలాంబ గారు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పి రాజలింగు వైపు చూసింది.

"ఎండలకు పోయినయి మేడమ్," అన్నాడు రాజలింగు నా వైపు చూడకుండా.

శ్యామలాంబ గారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే పెద్దాయన పెదవి విరిచాడు. అంత అజాగ్రత్త మనిషి చేతికి పథకం ఎలా ఇస్తాం, శిక్షణ పొందినవాణ్ణి వేసుకుంటే మంచిదని ఇంగ్లీషులో అన్నాడు. రాజలింగుకు ఇంగ్లీషు రాదు కాని పదమూడేళ్ళ సర్వీసులో "కాదు" అన్నది ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది. ఆయన తొట్టి అద్దాన్ని చేతిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా ఉద్యోగం కూడా అప్పటికి పక్కాది కాదు. అక్కడున్నవాళ్ళలో మా విభాగం పెద్దలకు స్నేహితులున్నారు. ఇవన్నీ ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను, పట్టింది.

"ఎండకు కాదు సార్. నేను చంపాను," అన్నాను ఇంగ్లీషులో. రాగి బిందె, చింతపండు, మూడు రోజులు, ఆరు చెంబులు, అంతా చెప్పాను. చివర్లో నా పరిశోధన దేని మీదో కూడా చెప్పాను, ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు కనుక.

నన్ను బయటికి గెంటుతారనుకున్నాను. పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "చాలా ఆసక్తికరం! ఎన్ని గంటలకు ఎన్ని చనిపోయాయో రాసిపెట్టారా?"

నోటుబుక్కు ఇచ్చాను. "ఒకేసారి పొట్టు మార్చుకుంటున్నాయి" అన్నచోట ఆయన కొంచెం ఆగాడు. అయినా దీన్ని చిన్న వ్యాసంగా అచ్చు వేయించమని, యువకుల్లో ఇలాంటి చొరవ ఉండాలని నా భుజం తట్టాడు. ఐదింటిని చంపినవాడికి అభినందన, రెండింటిని కాపాడినవాడికి సంజాయిషీ! శాస్త్రం నిష్పాక్షికమని మేము తరగతిలో చెప్పేది దీని గురించే కాబోలు.

తర్వాత ఆయన తొట్టిలోకి చూశాడు. "రెండింటికీ గుడ్లున్నాయే. మరి మగది?" శ్యామలాంబ గారు అది రాజలింగును తెలుగులో అడిగింది.

"లేదు సార్," అన్నాడు రాజలింగు. "గవి రొండే. దానికిది, దీనికది."

శ్యామలాంబ గారు అది ఇంగ్లీషులో చెప్పింది. ఇద్దరు పెద్దలూ హాయిగా నవ్వారు. మగది చచ్చిన వాటిలో ఉండి ఉంటుందని రెండో ఆయన శ్యామలాంబ గారి చేత దయగా వివరింపజేశాడు.

"గవి సచ్చినంక గివి రొండుసార్లు అంగీ మార్చినయి, రొండుసార్లు గుడ్లు పెట్టినయి సార్. సచ్చినోడు వచ్చి పోతున్నడా?"

దీన్ని మాత్రం ఆమె ఇంగ్లీషులోకి మార్చలేదు. భూతద్దం తీసుకుని తొట్టి ముందు చాలాసేపు వంగి నిలబడింది. లేచి, "ఇతను చెప్పేది తప్పే అయ్యుంటుంది. పుస్తకాల్లో లేదు," అంది. "కానీ తప్పని రుజువు చేయాలంటే ఈ రెండూ బతికుండాలి. ఇవి బతకాలంటే ఇతనుండాలి. నా దగ్గర ఇంకో దారి లేదు. మీ దగ్గరుంటే చెప్పండి."

వాళ్ళ దగ్గరా లేదు. తార్నాకలో అంతకన్నా శిక్షణ పొందిన రొయ్యలవాడు దొరకలేదు.

ఇరవై ఏడో కాగితం శీతాకాలంలో వచ్చింది. తొట్టి సంరక్షకుడు, శాశ్వత నియామకం. కారణం కింద ఇలా ఉంది: రెండు రొయ్యలూ గుడ్లు మోస్తాయన్న అటెండరు మాట శిక్షణ లోపం వల్ల వచ్చినదై ఉండవచ్చు, దానిని నిర్ధారించుటకు. నిర్ధారించవలసిన వ్యక్తి పేరు దగ్గర రాజలింగు అని ఉంది. ఆయన అప్పటినుంచి ప్రతి నెలా రిజిస్టరులో నిర్ధారిస్తూనే ఉన్నాడు. "రెండూ," అని రాసి సంతకం పెడతాడు.

సారలమ్మ ఆ కాగితాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. "అంటె, ఆయిన తప్పని తేలేదాక నౌకరి ఉంటదన్నట్టేనా సారూ?"

"అవును."

"గట్లైతె పర్మనెంటే," అని పెట్టెలో పెట్టింది.

మా పాప ఇప్పుడు తొట్టి లేకపోయినా తింటోంది. గ్రాఫు మానేశాను, లేదా చాలావరకు మానేశాను. నిన్న ఏదో పని మీద జంతుశాస్త్రం వైపు వెళ్తే తొట్టికి ఒక అట్ట వేలాడుతోంది. రాజలింగు రాత, ఎర్ర రంగు.

"గీత దాక కుండ నీళ్ళు మాత్రమే పోయవలెను."

దాని కింద ఇంకో వరుస ఉంది. గేటు లోపల కనుక మర్యాదకు లోటు చేయలేదు.

"కొండయ్య సారు గారు పోయకూడదని మనవి."